గుండీలన్నీ పెట్టిన చొక్కా

"అక్కా, కాలుతోంది!"

లాండ్రీ యజమాని కేకకు ఆమె ఉలిక్కిపడి ఇస్త్రీ పెట్టె ఎత్తింది. అప్పటికే ఎవరిదో తెల్లచొక్కా మీద గోధుమరంగు మచ్చ పడిపోయింది. ఇన్నేళ్ల పనిలో బట్ట కాల్చడం ఇదే మొదలు. చెవి దగ్గర ఫోన్ మాత్రం మాట్లాడుతూనే ఉంది. వికలాంగుల పింఛను ఆఫీసు నుంచి.

"మీ దరఖాస్తు మళ్లీ వెనక్కొచ్చిందమ్మా. మీ ఆయన తన పనులు తానే చేసుకోగలడట. మధ్యాహ్నం డాక్టర్ ఇంటికొచ్చి చూస్తారు. ఇదే ఆఖరుసారి."

"చేసుకోగలడని చెప్పిందెవరండీ?"

అవతల ఫోన్ పెట్టేశారు.

ఆమె చెప్పుల్లో కాళ్లు దూర్చీ దూర్చకముందే పరుగందుకుంది. పక్షవాతంతో కుడిపక్క మొత్తం చచ్చుబడిన మనిషి తన పనులు తానే చేసుకుంటాడట! ఎవరో పుల్ల పెట్టారు. ఎదురింటావిడా? ఎప్పుడూ కిటికీలోంచి తొంగిచూస్తూ ఉంటుంది. మరిదా? మొన్న వచ్చి, "అన్నయ్య బానే ఉన్నాడే!" అని పోయాడు. ఇంటి మెట్లెక్కేసరికి ఇద్దరికీ మనసులోనే శిక్ష వేసేసింది.

భర్త కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు లిఫ్టులు బాగుచేసిన కుడిచేయి ఒళ్లో ఊరికే పడి ఉంది. ముఖం పాలిపోయి, నుదుట చెమట పట్టి ఉంది. గడ్డం మాసింది. చొక్కా నలిగింది.

"డాక్టరొస్తున్నాడు. ఇటు తిరగండి, గడ్డం గీస్తాను."

"వద్దే." మాట ముద్దముద్దగా వచ్చింది. ఆ మాటలు ఆమెకు తప్ప ఇంకెవరికీ అర్థం కావు. "ఇలాగే ఉండనీ."

"ఇలాగా? ఇస్త్రీ చేసేదాని మొగుడు నలిగిన చొక్కాతో కూర్చుంటే నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు."

"మన ఫైలు లిఫ్టులా మధ్యలో ఇరుక్కుంది. చొక్కాకి ఇస్త్రీ చేస్తే కదులుతుందా?"

"ఇరికించిందెవరో మీకు తెలుసు. తెలిసే దాస్తున్నారు."

అతను ఆమె వైపు చాలాసేపు చూశాడు. "తెలిస్తే ఏం చేస్తావ్?"

"కాలే పెట్టె మొహాన పెడతా."

అతను భుజాలు కదిలేలా నవ్వాడు. "అమ్మో! అయితే చచ్చినా చెప్పను."

ఆమెకు కాలు నిలవలేదు. కిటికీలోంచి చూసింది. మెట్ల దాకా వెళ్లి వచ్చింది. కింద ఏ బండి ఆగినా డాక్టరే అనుకుంది. ఖాళీగా ఉండలేని చేతులు చివరికి బీరువాలోంచి అతని నీలం చొక్కా తీశాయి. భర్తకు వీపు పెట్టి నిలబడి, ఇంట్లో ఉన్న ఇస్త్రీ పెట్టెతో కాలరు రుద్దింది. చొక్కా చేతులు రుద్దింది. గుండీల మధ్య పెట్టె మొన దూర్చి, ఒక్క ముడత మిగలకుండా చేసింది.

"ఏవండీ, ఎడమచేయి ఎత్తండి."

అతను ఎత్తలేదు. తల కిటికీ వైపు వాలి ఉంది. విసుక్కుంటూ మళ్లీ పిలిచింది. తర్వాత, పిలవడం మానేసి, అతని ముక్కు దగ్గర అరచేయి పెట్టింది.

డాక్టర్ వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని ఉంది. ఆయన నాడి చూసి, చేయి నెమ్మదిగా దించాడు.

"చాలా ఆలస్యం చేశామమ్మా."

ఆమెకు ఏడుపు రాలేదు. "మా మీద ఎవరు చెప్పారో అది చెప్పి వెళ్లండి."

"ఎవరూ చెప్పలేదు. పోయినసారి ఆస్పత్రిలో నేనే చూశాను. మిమ్మల్ని బయట కూర్చోబెట్టాం. నున్నగా గీసిన గడ్డం, నలగని చొక్కా, మెడ దాకా గుండీలు. మీరే తయారయ్యారా అని అడిగాను. ఏదో అన్నారు, నాకర్థం కాలేదు. మళ్లీ అడిగితే నవ్వేశారు. అవునన్నారనుకుని అలాగే రాశాను." ఆయన కుర్చీ వైపు చూశాడు. "ఆ రోజు ఎవరు తయారుచేశారు ఆయన్ని?"

ఎదురింటి కిటికీలో ఎవరూ లేరు. ఆమె అటు నుంచి చూపు తిప్పుకుంది.

"నేను," అంది. మళ్లీ అంది, "నేనేనండీ."

కుర్చీ చేతి మీద నీలం చొక్కా, గుండీలన్నీ విప్పి, తొడగడానికి సిద్ధంగా, ఇంకా వెచ్చగానే ఉంది.