చేతులు కనబడాలట

చొక్కా కాలరు మీద మరక పోలేదని పొద్దున్నే గొడవ.

"టీవీ ప్రకటనలో ఆవిడ నవ్వుతూ ఒక్క రుద్దు రుద్దితే తళతళ! నువ్వేమో ఆ పౌడరు ఫ్యాక్టరీలోనే పనిచేస్తావ్, పేరుకి!" అన్నాడు మొగుడు.

"అయితే ఆవిడకే పంపించండి, ఉతికిపెడుతుంది."

అత్తకు నవ్వొచ్చింది. కొడుకు చూసేలోపల దాన్ని దగ్గులోకి మార్చేసింది.

కోడలిని ఫ్యాక్టరీలో 'నిదానం' అంటారు. ఇంట్లో ఆ పేరు అంతగా అతకదు.

ఆ రోజు ప్యాకింగు షెడ్డులోకి కెమెరాలొచ్చాయి. బట్టల పౌడరుకి కొత్త ప్రకటన. ఆ ప్రకటన తీసేవాడు ఆడవాళ్ల వరసను చూసి పెదవి విరిచాడు.

"ఆ గ్లౌజులేంటి? తీసేయండి. చేతులు కనబడాలి. పొడి దోసిట్లో పట్టుకుని అమ్మలాగా నవ్వాలి. ఉతకడమంటే మీకు ప్రేమ కదమ్మా!"

పొడి చర్మాన్ని తినేస్తుందని పోయినేడు గేటు ముందు ఎండలో కూర్చుని సాధించుకున్న గ్లౌజులవి. సూపర్‌వైజరు కళ్లెర్రజేశాడు. అందరూ పెళ్లికూతురని పిలిచే కొత్తపిల్ల భయపడి ముందుగా తీసింది.

"మొహం చిట్లించకు. నవ్వు! మళ్లీ!"

మళ్లీ మళ్లీ తీశారు. చివరికి ఆ పిల్ల పొడి జారవిడిచి ఏడ్చేసింది. అరచేతులు ఎర్రగా పొంగాయి.

"ఈ చేతులు పనికిరావు. దగ్గర్నుంచి చూపించడానికి వేరే చేతులు తెప్పిద్దాం. వీళ్లవి నవ్వులు చాలు," అన్నాడు తీసేవాడు.

"రేపు అందరూ గ్లౌజుల్లేకుండా నవ్వాలి. నవ్వనివాళ్లు ఎల్లుండి రానక్కర్లేదు," అన్నాడు సూపర్‌వైజరు.

కుళాయి దగ్గర రచ్చ మొదలైంది.

"ఒక్కరోజు ఇకిలిస్తే ఏం పోతుందే?"

"నీ చేతులు కాల్లేదుగా, ఎన్నయినా చెప్తావ్!"

"నా ఇంటికి నేనొక్కదాన్నే దిక్కు. పని పోతే నువ్వు పెడతావా?"

నిదానం పెళ్లికూతురి చేతులు నీళ్ల కింద పట్టుకుని ఉంది. తలెత్తకుండానే అంది: "ఆ టీవీ నవ్వు చూసే మా ఆయన పొద్దున నా మీద లేచాడు. రేపు మన నవ్వు చూసి ఎంతమంది మొగుళ్లు లేస్తారో!"

ఇంటికి తనొక్కతే దిక్కన్న మనిషే ముందుగా తన చేతులు చాపింది. పగుళ్లు. ఆ చేతుల పక్కన ఇంకో జత. ఇంకో జత.

రాత్రి భోజనాల దగ్గర మొగుడు కంచం ముందుకు జరిపాడు. "కాస్త కూర వెయ్యి."

నిదానం గరిటె ముట్టుకోలేదు. అరచేతులు చాపి దీపం వెలుగులో పెట్టింది.

"రేపు కెమెరా ముందు మేమెవ్వరం నవ్వం. చేతులు కనబడాలన్నారుగా, అందరం ఎత్తి చూపిస్తాం. కాదంటే మిషన్లు ఆపి గేటు ముందు కూర్చుంటాం."

"ఉద్యోగం పోతేనో?"

"పోతే అందరిదీ పోవాలి. అందర్నీ తీసేశాక ఆ పొడి వాళ్లే దోసిళ్లతో నింపుకోవాలి."

అత్త తన కంచంలోంచి చెయ్యి తీసి, తిప్పి చూసుకుంది. "గేటు దగ్గర నాకూ కాస్త చోటుంచవే. నేనూ జీవితమంతా ఉతికినదాన్నే."

మొగుడు తల్లినీ, పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు. గరిటె తనే అందుకున్నాడు.

"మీ చొక్కా బకెట్లోనే ఉంది," అంది నిదానం. "గ్లౌజులు నా సంచిలో ఉన్నాయి. తొడుక్కుని ఉతుక్కోండి. పొద్దున్నే నాకు కావాలవి."