రాక్షసుడి చెయ్యి

ఎడమచేతి వేళ్ళ మధ్య నాలుగైదు కాగితాలు ఇరికించుకుని ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నాడతను. బల్ల మధ్యలో బిగించిన గాజుపలక కింద దీపం వెలుగుతోంది. కాగితాలు కదిలినప్పుడల్లా వాటి మీది పాప జడ గాలికి లేచి పడుతోంది. లేచేటప్పుడు బాగానే ఉంది, పడేటప్పుడే ఎక్కడో చిన్న కుదుపు. ఒక కాగితం బయటికి లాగి, గీత చెరిపి, వెంట్రుకవాసి కిందికి వేశాడు. మళ్ళీ ఆడించి చూశాడు. ఈసారి జడ జడలాగే పడింది.

ఆ ఆఫీసులో అందరూ అతన్ని మధ్యవర్తి అంటారు. తగాదాలు తీరుస్తాడని కాదు. తగాదా కనిపిస్తే పక్కన కూర్చుని ఇంకో రెండు పుల్లలు వేసే రకం. అతను చేసే పనిని బట్టి వచ్చిన పేరది. అక్కడ టీవీకి పిల్లల బొమ్మల సీరియల్ తీస్తారు. ఏ కదలికకైనా పెద్ద ఆర్టిస్టు మొదటి బొమ్మా చివరి బొమ్మా వేసి ఇస్తాడు. చెయ్యి కిందున్నది ఒకటి, పైకి లేచినది ఒకటి. ఆ రెండింటికీ నడుమ చెయ్యి ఎలా ప్రయాణం చేసిందో, ఆ బొమ్మలన్నీ వేయడం మధ్యవర్తి పని.

లోకంలో లేని రాక్షసుడు, లేని కోట, లేని రెక్కల గుర్రం. ఇవన్నీ ఉన్నాయని ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్ల నమ్మాలంటే, గుర్రం నేలకు దిగినప్పుడు బరువుకు దాని మోకాళ్ళు వంగాలి. ఒక్క బొమ్మ తేడా పడితే పిల్లకు అనుమానం వస్తుంది, కథ అక్కడితో సరి. అంటే, చూసేవాళ్ళకు అనుమానం రాకుండా చూడడమే అతని ఉద్యోగం. అతనికి మాత్రం పొద్దున లేస్తే అనుమానాలే. టీ పలచగా ఉంటే ఆఫీసు ఖర్చులు తగ్గిస్తున్నారని, చిక్కగా ఉంటే ఏదో చెడ్డ కబురు చెప్పబోతున్నారని. "మీ నీడ మీ వెనకాలే ఎందుకొస్తోందని దాన్ని కూడా నిలదీస్తారు మీరు" అంటుంది అతని భార్య.

ఇప్పుడు అతని అనుమానమంతా షోకు మాస్టారు మీద.

షోకు మాస్టారంటే ఆ పెద్ద ఆర్టిస్టే. ఇస్త్రీ మడత నలగని గళ్ళ చొక్కాలూ, నున్నగా దువ్విన క్రాపూ చూసి ఎప్పుడో ఎవరో పెట్టిన పేరది. ఇద్దరూ ఒకే ఏడాది ఆ ఆఫీసులో చేరారు, ఒకే కిటికీ దగ్గర నిలబడి టీలు తాగారు, ఒకరినొకరు ఒరే అంటే ఒరే అనుకున్నారు. మాస్టారి బొమ్మల నడుమ ఖాళీలు అతను తప్ప ఇంకెవరూ నింపలేదు. మాస్టారి గీత దారం లాగి పట్టినట్టుండేది. అయినా మనిషే కదా, అప్పుడప్పుడూ పొరపాట్లు దొర్లేవి. ఒకసారి రాకుమారికి ఆరో వేలు వేశాడు. మధ్యవర్తి చడీచప్పుడూ లేకుండా దాన్ని చెరిపేసి, ఎవరితోనూ అనకుండా ఊరుకున్నాడు. నిజానికి పెద్ద ఆర్టిస్టు వేసే పెద్ద బొమ్మల జోలికి మధ్యబొమ్మలవాళ్ళు పోకూడదు, అది అక్కడి నియమం. స్నేహం ముందు నియమం ఎంత అనుకునేవాడు.

ఈమధ్య మాస్టారు ముఖం చాటేస్తున్నాడు. టీకి రమ్మంటే "కడుపులో మంట రా" అంటాడు. మధ్యాహ్నం అందరితో కూర్చుని తినడం మానేశాడు. మాట్లాడేటప్పుడు కుడిచెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి తీయడు. పై అంతస్తులో కొత్తగా కంప్యూటర్ల గది పెట్టారు, మధ్యబొమ్మలన్నీ అదే వేసేస్తుందని చెప్పుకుంటున్నారు. ఈ రెండూ కలిపి చూసుకుంటే మధ్యవర్తికి లెక్క సరిపోయింది. తనకు ఎసరు పెడుతున్నది మరెవరో కాదు, వీడే.

పోయినవారం వచ్చిన బొమ్మలతో ఆ అనుమానం గట్టిపడింది. కోటగోడ అవతల ఏముందో చూడాలని ఏడుస్తున్న పాపను రాక్షసుడు అరచేతిలోకి ఎత్తుకుని పై కిటికీలో దించే ఘట్టం అది. తెర నిండా రాక్షసుడి చెయ్యే. తీరా కాగితం దీపం మీద పెడితే ఆ చేతి గీతలు చెల్లాచెదురుగా ఉన్నాయి. బొటనవేలి అంచు వంకరటింకరగా పోయింది. మాస్టారు జన్మలో అటువంటి గీత గీయలేదు.

"ఇదేదో ఎర" అనుకున్నాడు మధ్యవర్తి. సరిచేస్తే, పెద్ద బొమ్మలు తనిష్టమొచ్చినట్టు మారుస్తున్నాడని పైవాళ్ళకు చూపిస్తారు. చేయకపోతే, ఇంత పెద్ద తప్పు కూడా వీడి కంటికి ఆనలేదంటారు. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఉన్నది ఉన్నట్టే వేస్తాను. నవ్వులపాలైతే వాడే అవుతాడు.

అయితే ఆ పని అనుకున్నంత తేలిక కాలేదు. రెండు వంకర గీతలకు మధ్యన మామూలుగా గీత వేస్తే వంకర కాస్తా సర్దుకుపోతుంది. అందుకని ప్రతి కాగితం మీదా ఆ అంచును కాస్త కాస్త వేరుగా చెదరగొట్టాడు. ఒకచోట ఆపి, ఒకచోట తొందరపెట్టి, వణుకు వణుకులాగే కనిపించేదాకా వదల్లేదు. కసికొద్దీ చేసినా, ఏ పనికీ పడనంత కష్టం దానికి పడ్డాడు.

ఈరోజు మధ్యాహ్నం ఆ భాగాన్ని అందరికీ వేసి చూపిస్తారు.

పొద్దున మాస్టారు ఆలస్యంగా వచ్చాడు. ఎడమచేత్తో తలుపు తోసుకుని, బల్లలవైపు చూడకుండా, తిన్నగా డైరెక్టరమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మసక గాజు వెనక రెండు తలలు దగ్గరగా వంగి ఉన్నాయి. మధ్యవర్తి ఒళ్ళంతా చెవులు చేసుకున్నాడు. మాటలేవీ తెలియలేదు గాని తన పేరు మాత్రం స్పష్టంగా వినిపించింది.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది.

"తిన్నారా?"

"తిండి తర్వాత. వాడు పొద్దున్నే వెళ్ళి నా మీద ఎక్కించి వచ్చాడు."

"ఎవరు, మాస్టారన్నయ్యగారా? ఆయన మీ మీద ఎక్కించడమేంటండీ, మీకేమన్నా మతిపోయిందా?"

"నీకు తెలీదు. తలుపేసుకుని మరీ మాట్లాడాడు."

"తలుపులున్నది వేసుకోవడానికే. అంత అనుమానమైతే వెళ్ళి ఆయన్నే అడగండి, నన్ను చంపకపోతే."

అడుగుదామనే లేచాడు. వెనకమెట్ల దగ్గర మాస్టారు గోడవైపు తిరిగి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తల బాగా వంచి, భుజాలు దగ్గరికి తీసుకుని, ఎవరికీ వినపడకుండా ఫోన్లో మాట్లాడుతున్నవాడిలా కనిపించాడు. ఈ మంతనాలకు అంతు లేదనుకుని మధ్యవర్తి వచ్చినదారినే తిరిగివెళ్ళాడు.

బొమ్మలు వేసి చూపే గది చిన్నది. ముందు వరసలో డైరెక్టరమ్మా, కథ రాసే ఆయనా కూర్చున్నారు. వాళ్ళ వెనక కోటలూ కొండలూ రంగుల్లో వేసే అమ్మాయి, ఆ పక్కన మధ్యవర్తి. మాస్టారు అందరికంటే ఆఖర్న వచ్చి సరిగ్గా అతని వెనక కుర్చీలో కూర్చున్నాడు. దీపాలు ఆర్పేశారు.

కోట వచ్చింది. పాప ఏడ్చింది. రాక్షసుడి చెయ్యి కొండచరియలా వంగి పాపను ఎత్తుకుంది. పైకి లేస్తున్నకొద్దీ ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట బొటనవేలు, తర్వాత మణికట్టు. అరచేతిలో పాప గువ్వపిట్టంత ఉంది. చెయ్యి కిటికీ దగ్గరికి చేరింది, ఆగింది, ఓపిక కూడగట్టుకుంది, మళ్ళీ వణికింది.

"అయ్యో, పడేస్తాడేమో" అంది రంగుల అమ్మాయి, తనకు తెలియకుండానే.

నవ్వుతారనుకున్నాడు మధ్యవర్తి. ఎవరూ నవ్వలేదు. పాప క్షేమంగా కిటికీలో దిగాక గది మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది.

"మళ్ళీ వెయ్యండి" అంది డైరెక్టరమ్మ.

మళ్ళీ వేశారు. ఆ నిశ్శబ్దంలో మధ్యవర్తికి వెనకనుంచి సన్నగా గలగలమని చప్పుడు వినబడింది. మాస్టారి జేబులో తాళాలగుత్తి. విసుగ్గా వెనక్కి తిరగబోయి ఆగిపోయాడు. గలగలమంటుంది, ఆగుతుంది, తొందరపడుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఆ నడక అతనికి తెలుసు. వారంపాటు కాగితం కాగితానికీ కొలిచి వేసింది ఆ నడకనే. తెరమీద రాక్షసుడి చెయ్యి ఎలా వణుకుతోందో, వెనక జేబులో తాళాలు అలాగే మోగుతున్నాయి.

టీ మానేయడం, జేబులోంచి తీయని చెయ్యి, మెట్లమీద గోడవైపు తిరిగి కూర్చోవడం. మాట్లాడడం కాదు, తింటున్నాడు. చెయ్యి నిలవక మెతుకులు జారిపోతుంటే ఎవరూ చూడకుండా తింటున్నాడు.

దీపాలు వెలిగాయి. "ఈ వణుకు ఎవరి ఆలోచన?" డైరెక్టరమ్మ అడిగింది.



"మధ్యవర్తిది" అన్నాడు మాస్టారు వెనకనుంచి. గొంతు మామూలుగానే ఉంది.

చప్పట్లు కొట్టారు. కథ రాసే ఆయన లేచి నిలబడి, "రాక్షసుడు ముసలాడైపోయాడని ఇన్నాళ్ళూ మనకే తెలీదు చూశారా! కథ మార్చేద్దాం. ఇంక వాడు పాపను ఎత్తుకోలేడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా కొండల్లోకి వెళ్ళిపోతాడు. పిల్లలు గుక్కపట్టి ఏడవాలి" అంటూ అక్కడికక్కడే మొదలుపెట్టాడు. మధ్యవర్తి వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

మెట్లమీద అందుకున్నాడు.

"ఒరే, ఆగు."

మాస్టారు ఆగాడు. ఎడమచెయ్యి కమ్మీ మీద ఉంది. దగ్గరగా చూస్తే చొక్కా మణికట్టు దగ్గర గుండీ ఒకటి పెట్టుకోలేదు. అంత షోకు మనిషికి గుండీ ఊడి ఉండడం మధ్యవర్తి ఎప్పుడూ చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి రా?"

"చాన్నాళ్ళైంది. మందులు మింగుతూనే ఉన్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే నమ్ముతావా? పని ఎగ్గొట్టడానికి నాటకమంటావు." నవ్వడానికి చూశాడు మాస్టారు. "ఆరో వేలు చెరిపేశావే, అది నాకు తెలీదనుకున్నావా? అన్నీ తెలుసు. ఇన్నేళ్ళూ నా తప్పులన్నీ నువ్వే కప్పెట్టావు. ఇది కూడా సర్దేస్తావులే, ఇంకో ఏడాది ఎలాగో లాక్కొచ్చేయొచ్చు అనుకున్నా. నిన్న సాయంత్రం నీ కాగితాలు చూశాక ఇంక లాభం లేదని తెలిసింది. ఈ ఒక్కసారి ఎందుకు వదిలేశావు రా?"

మధ్యవర్తి ఒక మెట్టు దిగాడు. నువ్వు నాకు గోతులు తవ్వుతున్నావనుకున్నా అని చెప్పాలి. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేద్దామని పట్టుబట్టి వేశానని చెప్పాలి. ఆ మాటలు గొంతుదాకా వచ్చాయి. ఆ స్థితిలోనూ పాత గుణం పోనిచ్చుకోలేదు.

"మరి పొద్దున గదిలో నా పేరెందుకెత్తావు?"



"ఇకమీదట పెద్ద బొమ్మలు నీకే ఇవ్వమని. నేను సరిగా వేసినవన్నీ కూడా సగం నీ చేతివేనని. ఆమె ఒప్పుకుంది." కమ్మీ మీద చెయ్యి ఇంకో మెట్టు కిందికి జరిపాడు. "వెళ్ళు. చూపించింది బాగుంది. నా చెయ్యి అంత అందంగా వణుకుతుందని నాకే తెలీదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని మధ్యవర్తి వెతికాడు. లేదు. మాస్టారు దిగి వెళ్ళాడు, అడుగులు మాత్రం వణకడం లేదు. సాయంత్రం టీ వేళకు కిటికీ దగ్గరికి వస్తాడులే, అప్పుడు అన్నీ చెప్పేసుకుందాం, తిడితే పడదాం అనుకుని మధ్యవర్తి బల్ల దగ్గరికి వచ్చాడు. పాప జడ అక్కడే ఉంది. ఎంతసేపు కూర్చున్నా గీత పడలేదు. తన జీవితంలో వేసిన బొమ్మలన్నిటిలోకీ గొప్పవి స్నేహితుడి మీద పగతో వేశాడు. చప్పట్లన్నీ దానికే. అతనికి ఏడుపొచ్చింది, తల వంచుకుని చెరుపుతున్నట్టు నటించాడు.

టీ వచ్చింది, చల్లారింది. రెండో గ్లాసు ఎవరూ తీసుకోలేదు.

కింద గేటు దగ్గర కాపలా ఆయన్ని అడిగితే, "మాస్టారా? అప్పుడే వెళ్ళిపోయారు కదండీ. సంచీ సర్దుకుని మరీ వెళ్ళారు. ఇంక రానని చెప్పారు. మీకు చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పాడులే" అన్నాడు మధ్యవర్తి. పైకి వచ్చి మాస్టారి గదిలోకి వెళ్ళాడు. బల్ల తుడిచిపెట్టి ఉంది. కాగితాలు అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. కుర్చీ లోపలికి జరిపి ఉంది. ఏదో ఒకటి మిగలకపోతుందా అని సొరుగు లాగాడు.

లోపల ఒక పెన్సిల్ ఉంది. దాని చుట్టూ గళ్ళ చొక్కా చింపి తీసిన పీలికలు ఒకదానిమీద ఒకటి చుట్టి, దారంతో బిగించి, పిడికిలికి పట్టేంత లావు చేశాడు మాస్టారు. మధ్యవర్తి దాన్ని తీసి పట్టుకుని చూశాడు, అతని వేళ్ళకు ఇమడలేదు. ఎక్కడిది అక్కడే పెట్టాడు. గుడ్డ మీద మూడు వేళ్ళ గుంటలు చెమటకు నల్లబడి లోతుగా ఉన్నాయి.