లైను కలిపాక

వయసులో ఉన్నప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని లైన్లు కలిపిన ముగ్గురు స్నేహితురాళ్లు, రిటైరయ్యాక మొదటిసారి కలిసి కారులో బయలుదేరారు. ముందు కోట, తర్వాత తాము పనిచేసిన నగరం.

నడిపేది ఈ మధ్యే డ్రైవింగ్ నేర్చుకున్న బొద్దమ్మ. పక్కన పెద్దక్క. సూపర్‌వైజరయ్యాక ఆమె అరుపుకి ఎక్స్ఛేంజి అంతా హడలిపోయేది. వెనక సీట్లో, అందరికంటే చిన్నది, చిట్టి. నిరుడు భర్త పోయిన దగ్గర్నుంచి అడిగితే తప్ప నోరు విప్పడం లేదు. ఈ ప్రయాణం ఆమె కోసమేనని మిగతా ఇద్దరూ పైకి అనలేదు.

"గేరు మార్చవే, బండి మూలుగుతోంది" అంది పెద్దక్క.

"నువ్వు కాస్త ఊరుకో అక్కా. దాని బాధేదో అది పడుతుంది" అంది బొద్దమ్మ.

కోట చిట్టికి కొత్త కాదు. ఆమె భర్త అప్పట్లో వేరే ఊరి ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. లైను కలిపే నెపంతో మొదలైన కబుర్లు ముదిరి పాకాన పడ్డాయి గానీ, ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. చివరికి ఈ కోట దగ్గర కలుద్దామనుకున్నారు. ఆ రోజు తోడుగా వీళ్లిద్దరూ వచ్చారు. టిక్కెట్ల కిటికీ దగ్గర, జనంలోంచి ఎవరో "ఒకటివ్వండి" అనగానే చిట్టి బొద్దమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆయనే!"

చూస్తే, అప్పుడే బట్టతల మొదలైన పొట్టి మనిషి.

"సరిగ్గా చూసుకోవే" అంది పెద్దక్క అనుమానంగా.

"ఆ గొంతు నాకు తెలీదా?" అంటూ చిట్టి అప్పటికే పరుగు తీసింది.

ఇప్పుడు చిట్టి అదే కిటికీ ముందు కాసేపు నిలబడి, తల దించుకుని లోపలికి నడిచింది.

లోపల గుండ్రటి పెద్ద హాలు ఒకటి ఉంది. ఈ చివర గోడకి నోరు దగ్గర పెట్టి గుసగుసలాడితే ఆ చివర చెవి ఆనించిన వాళ్లకి స్పష్టంగా వినిపిస్తుంది. పెద్దక్క చిట్టిని ఒకవైపు నిలబెట్టి, మోకాళ్ల నొప్పితో కుంటుతూ బొద్దమ్మతో అవతలి వైపు వెళ్లింది.

చిట్టి చెవి దగ్గర గోడ మాట్లాడింది.

"ట్రంక్ కాల్ అమ్మా. మాట్లాడతారా?"

అచ్చం పెద్దక్క డ్యూటీ గొంతు. చిట్టి నవ్వబోయింది, నవ్వు రాలేదు. గోడకి నోరు దగ్గర పెట్టి "కలపండి" అంది.

ఆస్పత్రిలో తను వేడినీళ్ల కోసం కిందికి దిగి వచ్చేలోపే ఆయన వెళ్లిపోయాడు. ఆ రోజు చెప్పాలనుకున్నవన్నీ ఇప్పుడు గోడకి చెప్పింది. మందుల షాపువాడితో పడ్డ గొడవ, కూతురు పంపిన కబురు, చివరికి కోపం. "ఒక్క నిమిషం ఆగలేకపోయారా?"

అవతల బొద్దమ్మ చెవి ఆనించబోతే పెద్దక్క భుజం పట్టి లాగేసింది.

"లైను కలిపాక వినకూడదు. మర్చిపోయావా?"

ఇద్దరూ బయటికొచ్చి ఎండలో మెట్ల మీద కూర్చున్నారు. చిట్టి వచ్చేసరికి ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆకలేస్తోంది అక్కా" అంది.

నగరం చేరేదాకా దారంతా చిట్టే మాట్లాడింది.

ఎక్స్ఛేంజి భవనం ఇప్పుడు పరుపుల దుకాణం. పై అంతస్తులో ఆ ఎత్తైన కిటికీలు మాత్రం అలాగే ఉన్నాయి.

"సరిగ్గా ఇక్కడే నా కుర్చీ" అంటూ బొద్దమ్మ ఓ పరుపు మీద కూలబడింది.

"పడుకుని చూడండమ్మా, మొహమాటం దేనికి" అంది దుకాణం అమ్మాయి. ముగ్గురూ చెప్పులు విప్పి వరసగా వెల్లకిలా పడుకున్నారు.

"ఇక్కడ రెప్ప వాలిస్తే చాలు, మెమో ఇచ్చేదానివి. గుర్తుందా అక్కా?" అంది బొద్దమ్మ.

పెద్దక్క గురక పెడుతోంది.

బొద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిట్టి ఆపుకోలేక, పరుపంతా ఊగేలా పగలబడి నవ్వింది.

"లేపమంటారా?" అని అమ్మాయి కంగారుగా అడిగింది.

"వద్దమ్మా, కాసేపు పడుకోనీ" అంది చిట్టి కళ్లు తుడుచుకుంటూ. "ఈలోపు ఈ పరుపు ఎంతో చెప్పు. ఆవిడ లేచాక బేరమాడుతుంది."