అందరూ ఒప్పుకున్న మాట

మా ఆవిడ మెరెటేకి పుస్తకం చదివి ఊరుకోవడం చేతకాదు. నిద్ర గురించి చదివిన ఏడాది మా ఇంట్లో దీపాలు పెందలాడే ఆరిపోయాయి. పంచదార గురించి చదివిన ఏడాది నేను ఆఫీసులో దొంగచాటుగా కేకులు తిన్నాను. కిందటి చలికాలం ఫోన్ల గురించీ, ఎదిగే పిల్లల గురించీ చదివింది. ఫోను చేతికొచ్చాక ఒక తరమే మారిపోయిందనీ, ఒక్క ఇంట్లో ఆపితే లాభం లేదు, అందరూ కలిసి ఆపాలనీ అందులో ఉంది. నేనూ చదివాను. కాదనడానికి నాకేమీ దొరకలేదు.

డెన్మార్క్‌లోని మా ఊరు కోల్డింగ్‌లో ఒక తరగతి పిల్లల తల్లిదండ్రులంతా అప్పుడప్పుడు కూర్చుని ఒక మాట అనుకుంటారు. పుట్టినరోజుకి ఎవరిని పిలవాలి, పార్టీల్లో బీరు ఏ వయసు నుంచి, ఇలాంటివి. ఓట్లుండవు. అందరూ ఒప్పుకునేదాకా కాఫీ తాగుతారు. కాదన్నవాడు మొరటువాడి కింద లెక్క. మా అమ్మాయి తరగతి మీటింగులో, పిల్లల ఫోన్లు తీసేసుకుందామని మెరెటే అంటే అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు.

"ఎవరో ఒకరు అనాల్సిన మాటే. భలే అన్నావు!" అంది అదే తరగతిలోని ఫ్రేయా తల్లి లోటే.

ఆ సాయంత్రమే మా అమ్మాయి టిల్డే ఫోను బీరువాలోకి వెళ్లింది. కొన్నాళ్లు ఏడ్చింది. తర్వాత మాటలు తగ్గించింది. అది ప్రశాంతత అని మెరెటే మురిసిపోయింది. పుస్తకంలో అలాగే ఉందట.

మే నెలలో ఆ తరగతి పిల్లలకి చర్చిలో కన్ఫర్మేషన్ అయింది, పెద్దవాళ్లవుతున్నారని చేసే వేడుక. ఆ మర్నాడు తరగతి పిల్లలంతా కొత్త బట్టల్లో ఊరేగే నీలి సోమవారం. అందరూ కలిసి ఆర్హుస్ నగరానికి వెళ్లే రైలుకని టిల్డేని స్టేషన్లో దింపాను. ప్లాట్‌ఫాం మీద తరగతి పిల్లలెవరూ లేరు.

"వేరే రైలు అనుకుని ఉంటారు. ముందే వెళ్లిపోయారు" అంది.

"తర్వాతి రైల్లో వెళ్లి కలుసుకోరాదూ?"

"ఎక్కడున్నారని ఎవర్ని అడగను నాన్నా?"

తెల్ల కోటు నలగకుండా కార్లో నిటారుగా కూర్చుంది.

ఇంటికి రాగానే మెరెటే లోటేకి ఫోన్ చేసి, మాకూ వినబడేలా స్పీకర్‌లో పెట్టింది.

"అయ్యో, టిల్డేకి తెలీదా? ముందు రైలుకి వెళ్దామని రాత్రి పిల్లలు ఫోన్లలో అనుకున్నారే! మేం వారానికే ఫోను తిరిగి ఇచ్చేశాం. అందరూ అంతే. మీటింగులో కాదనడం బాగుండదని ఊఁ అన్నాం గానీ... మీరింకా ఇవ్వలేదా?"

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెలం మేమే అయ్యాం.

మెరెటే ఫోన్ బల్ల మీద పెట్టి టిల్డే వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"మొదటి వారమే తెలుసు."

"మరి చెప్పవేం?"

"చెబితే ఊరుకుంటావా? మళ్లీ మీటింగు పెట్టిస్తావు. పట్టించింది నేనేనని అందరికీ తెలిసిపోతుంది."

మెరెటే బీరువా తెరిచి టిల్డే ఫోను తెచ్చింది. "తీసుకో తల్లీ."

"ఇప్పుడెందుకమ్మా? నేను లేకుండా వేరే గ్రూపు పెట్టుకున్నారు. చేర్చుకోమని ఎవరినీ అడక్కు, దండం పెడతాను."

"అంతా విన్నాను, పాపం!" అంది బల్ల మీంచి లోటే గొంతు. ఫోన్ పెట్టేయడం మరిచిపోయాం. "ఒక్క పిల్లని ఇలా వదిలేయడం ఏం న్యాయం? ఈ వారమే అందరం కూర్చుందాం. పిల్లల్ని కూడా పిలిచి అడుగుదాం."

ఆపమన్నట్టు టిల్డే నా వైపు చూసింది. నేను "లోటే, ఒక్క నిమిషం..." అనేలోపే ఆవిడ తల్లిదండ్రులందరికీ పెట్టిన మెసేజి బల్ల మీది ఫోన్లో వెలిగింది.