సముద్రపు రాణి గొంతు

నీటి అడుగున సాగే ఒక కంప్యూటర్ ఆటకు కొత్త భాష తయారు చెయ్యడం నా ఉద్యోగం. చేపలకు వ్యాకరణమేమిటని అన్నయ్య నవ్వేవాడు. నవ్వేవాళ్లకేం, పళ్లున్నాయి నవ్వుతారు.

నా పద్ధతి ఒక్కటే. స్నానాల గదిలోని నీళ్లతొట్టిలో ముఖం ముంచి శబ్దాలు పలికేదాన్ని. అమ్మ తొట్టి గోడకు చెవి ఆనించి, ఏది వినపడిందో చెప్పేది.

"చెవిటి మనిషిని వినడానికి కూర్చోబెట్టావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నాడు అన్నయ్య. ఇంట్లో ఇంకెవరు వచ్చి కూర్చున్నారు గనక?

'స'లూ 'ష'లూ నీళ్లలోనే హరీమన్నాయి. బ, మ, గ, ల నిలిచాయి. వాటితోనే మాటలన్నీ కట్టాను. మామూలుగా మేం గొంతు చించుకున్నా సగమే వినే అమ్మ, ఈ భాషలో ఏమన్నా ఠక్కున అందుకునేది. ఆమెకు 'స', 'ష' లాంటి సన్నని శబ్దాలే అందవని, బరువైనవి అందుతాయని చెవి డాక్టరు తర్వాత చెప్పాడు. అప్పటికే మేమిద్దరం వంటింట్లో ఆ భాషలో వదిన మీద చాడీలు చెప్పుకుంటున్నాం. ఇన్నేళ్లకు మా అమ్మ నాకు దొరికిందని పొంగిపోయాను.

ఆటలో ముసలి రాణికి అమ్మ గొంతే పెడదామన్నది మా డైరెక్టరే. రికార్డింగ్ కూడా అయిపోయింది. తీరా విడుదలకు ముందు నన్ను పిలిచాడు.

"భాష మరీ మొద్దుగా ఉందంటున్నారండీ. 'స'లూ 'ష'లూ కలిపి ఒక నటి చేత మళ్లీ చెప్పించాం. మీరేం అనుకోకండి."

"నీళ్లలో అవి వినపడవండీ."

"ఆడేవాళ్లు సోఫాలో కదండీ కూర్చునేది!"

 ఈ సంగతి అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు.

ఆట వచ్చిన రోజు అమ్మ మంచి బట్టలు కట్టుకుని, పక్కింటావిడను కూడా పిలిచి టీవీ ముందు కూర్చుంది. తెర మీద రాణి నోరు విప్పింది. గది నిండా బుసబుసలు.

"పిన్నిగారూ, మీ గొంతు ఎంత లేతగా ఉందండీ!" అంది పక్కింటావిడ.

అమ్మ సౌండ్ పెంచమని సైగ చేసింది. పెంచాను. ఇంకా పెంచాను.

"నేనేనా మాట్లాడేది?" అంది.

అవునని తలూపాను.

"అయితే నా చెవులు పూర్తిగా పోయాయే. ఆ ఒక్క భాషైనా వినపడేది. ఇక నాతో మాట్లాడి గొంతు నొప్పి తెచ్చుకోకు" అని లేచి, లోపలికి వెళ్లి పడుకుంది.

వెనకే వెళ్లాను. మంచం మీద పక్కన కూర్చుని మా సముద్రభాషలోనే చెప్పాను. ఆ గొంతు నీది కాదమ్మా, నిన్ను తీసేశారు, నాకు ముందే తెలుసు అని. ఒక్క మాట పొల్లుపోకుండా విన్నది.

గోడవైపు తిరిగి పడుకుంది.

"చెవులు పోయాయనుకున్నప్పుడే నయంగా ఉందే" అంది.