తెల్ల మైనం

మా బోగ్నా పుట్టిన నాలుగో రోజున మా ఆయన జెనొన్ ధాన్యపు కొట్టులో నేల తవ్వాడు. నేనింకా మంచం దిగలేదు. ఫిబ్రవరి చలికి నేల రాయిలా బిగుసుకుపోయి ఉంది. గునపం దిగనప్పుడల్లా ఒక బూతు తిట్టి, వెంటనే పసిదాని పురిటి రోజుల్లో తిట్టానే అని శిలువ గుర్తు వేసుకోవడం నాకు గదిలోకి వినబడుతూనే ఉంది.

ఆడపిల్ల పుడితే స్టార్కా అనే సారా పీపా పాతిపెట్టడం వాళ్ళింటి ఆచారం. జమీందార్ల కాలం నుంచీ ఈ బుగ్ నది ఒడ్డున ఉన్నదే. రై గింజల్ని పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పట్టిన సారాని ఓక్ పీపాలో పోస్తారు. అంతకుముందు ఆ పీపాలో ద్రాక్షసారా నిలవుండి ఉండాలి. గుప్పెడు లిండెన్ పూలు, నాలుగు ఆపిల్ ఆకులు వేసి, బిరడా కొట్టి, మైనంతో మూసి భూమిలో పెడతారు. మళ్ళీ పైకి తీసేది పిల్ల పెళ్ళి రోజునే. అంతదాకా పీపా పిల్లతో పాటే పెరుగుతుందంటారు. దొంగబట్టీ పెడితే జైల్లో వేసే రోజుల్లో, పుట్టేది ఆడపిల్లే అన్న నమ్మకంతో కాన్పుకి ముందే మూడు వారాలు అడవిలో కూర్చుని మా ఆయన పాతిక లీటర్లు కాచాడు. ఒక్క చుక్క రుచి చూడలేదు. జెనొన్ రుచి చూడలేదంటే అది ఎంత పవిత్రమో ఊరందరికీ అర్థమైంది.

అతని మేనత్త అపొలోనియా పీపాని యుద్ధంలో సైనికులు తవ్వితీసి తాగేశారు. మూడు వారాలకే ఆ పిల్లని టైఫస్ తీసుకుపోయింది. అప్పటికి పన్నెండేళ్ళు నిండలేదు. రెండింటికీ ఏ సంబంధమూ లేదంటాను నేను. ఆ మాట జెనొన్ ముందు మాత్రం ఎప్పుడూ అనలేదు.

బోగ్నాకి మూడేళ్ళు వస్తున్న చలికాలంలో ఊపిరితిత్తులకి జబ్బు చేసింది. పట్నం ఆసుపత్రిలో పెట్టాం. అక్కడి డాక్టరు మంచివాడే. "ఆ ఇంజక్షన్లు వస్తే ముందు మీకే ఇస్తానమ్మా, ఎప్పుడొస్తాయో నా చేతుల్లో లేదు" అన్నాడు. అంటూ నా సంచీ వైపు చూశాడు. సంచీలో పిల్ల మేజోళ్ళు తప్ప ఏమీ లేవు. పక్క మంచం పిల్లవాడి నాయనమ్మ నన్ను చాటుకి లాగి, "ఒట్టి చేతులతో వస్తే ఒట్టి చేతులతోనే పోతావే పిల్లా. అర లీటరు పట్రా" అంది.

ఆ రోజుల్లో వోద్కా కూడా రేషను కార్డు మీదే. మా నెల వాటా అప్పటికే ట్రాక్టరు టైరు ఇప్పించినవాడికి పోయింది. జెనొన్ సోమవారం వెళ్ళి శనివారం తిరిగొచ్చేవాడు, అడవిలో చెట్లు కొట్టే పని. ఆ శనివారం అడిగాను.

"పీపా తీద్దామా?"

"మా మేనత్త సంగతి తెలిసీ అంటున్నావా? పీపా ముడితే పిల్ల దక్కదు. పందిని ఇచ్చేస్తాను, పట్టుకెళ్ళు."

"డాక్టరు పందిని కోటు జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తాడా?"

అతను పిల్ల ఖాళీ మంచం పక్కన నేలమీద కూర్చుని, దాని దిండు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. కఠినాత్ముడని నేనెప్పుడూ అనుకోలేదు. భయం మనిషిని అలా చేస్తుంది.

మంగళవారం పొద్దున్నే కొట్టులో నేనే తవ్వాను. బిరడా మీద అతను పోసిన మైనం గోధుమరంగులో, మా తేనెపట్ల వాసనతో ఉంది. దాన్ని చెక్కేసి, ఎనిమా డబ్బా గొట్టం పెట్టి సారా లాగాను, ఒక సీసాకి. తీసినంత మేరా బావి నీళ్ళు పోశాను. మళ్ళీ మూయడానికి ఇంట్లో తేనెమైనం లేదు. చర్చిలో దీవించి ఇచ్చిన తెల్ల కొవ్వొత్తి ఉంది. ఉరుములొస్తే వెలిగిస్తాం దాన్ని, ప్రాణం పోతున్నవాళ్ళ చేతిలో పెడతాం. ఆ రెంటికీ తప్ప వాడకూడదు. దాన్నే కరిగించి పోశాను. పిల్లని నేనే చంపుతున్నానేమో అనిపించింది.

ఇంజక్షన్లు వచ్చాయి. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. తల్లుల్ని వార్డులోకి రానివ్వని కాలం అది. గాజు తలుపు అవతల నిలబడి చూడాలి, పిల్ల ఇటు చేతులు చాపి ఏడుస్తూంటే. వార్డు ఆయాకి అర లీటరిస్తే ఒక గంట లోపల నిలబడనిచ్చేది. ఆ చలికాలమూ మరుసటి చలికాలమూ ఎక్కువగా పోయింది ఆ గంటలకే. మందు కోసమే తీశానని నాకు నేను చెప్పుకోవచ్చు, కానీ అది నిజం కాదు. బోగ్నా ఇంటికొచ్చేసరికి పీపాలో సగం పైన మా బావి నీళ్ళే. తొంభై ఒకటిలో జెనొన్ కొట్టుకి సిమెంటు నేల వేయించాడు. ఇక నేను చేసేదేమీ లేకపోయింది.

బోగ్నాకి ఇరవైమూడేళ్ళప్పుడు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు కాయెతాన్ బంగారం లాంటివాడు. వాళ్ళ నాన్న హిపోలిత్ గారు ముప్ఫై ఏళ్ళు సర్కారీ సారా కర్మాగారంలో రుచి చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆ నాలుకతో మాట్లాడేది కూడా దాని గురించే.

"బావగారూ, మీది అసలైన స్టార్కానేనా, లేక బజారు సరుకులో టీ డికాషను పోశారా? ముందే చెప్పండి, నా నాలుక దాపరికాలు ఎరగదు."

"ఇరవైమూడేళ్ళు నేనాగాను. మూడు వారాలు మీరాగలేరా బావగారూ" అన్నాడు జెనొన్, మీసం దువ్వుకుంటూ.

చెబుదామని మూడుసార్లు జెనొన్ దగ్గరికెళ్ళాను. మూడోసారి గడ్డం గీసుకుంటున్నాడు. "ఒకవేళ పాడైపోయి ఉంటే?" అన్నాను.

"స్టార్కా పాడవదే. పాడయ్యేది మనుషులే."

తేలు కుట్టిన దొంగలా వెనక్కి వచ్చేశాను.

చర్చి నుంచి రాగానే రొట్టె, ఉప్పు ఇచ్చి కొత్త దంపతుల్ని లోపలికి పిలిచాం. తర్వాత అందరూ కొట్టులో చేరారు. జెనొన్ కొత్త కోటు విప్పి, సిమెంటు పలక పగలగొట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తీశాడు. ఆడవాళ్ళ మధ్య నిలబడి నేను అతని చేతినే చూస్తున్నాను. బొటనవేలితో బిరడా తుడిచాడు. తెల్ల మైనం బయటపడింది. చెయ్యి ఆగిపోయింది. ఆ వేలు మళ్ళీ మళ్ళీ అక్కడే తిరిగింది, రుద్దితే గోధుమరంగు వస్తుందేమో అన్నట్టు. తలెత్తి నన్ను వెతికి చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. తర్వాత టోపీ తీసి బిరడా మీద బోర్లించాడు.

పీపాని వాకిట్లో బావి దగ్గర బల్ల మీదికి ఎక్కించారు. బోగ్నా తెల్ల గౌనుతోనే దాన్ని వాటేసుకుని, "ఇది నా కవల అక్క" అంది. అందరూ నవ్వారు. మొదటి గుక్క తండ్రిదే. జెనొన్ వంచుకుని తాగాడు. గుటక దిగడం నాకు కనిపించింది. మొహంలో ఏమీ మారలేదు.

"ఎలా ఉంది బావగారూ? మాట్లాడరే?" హిపోలిత్ గారు గ్లాసు చాచారు.

"ఉండండి. ఇలాంటిది కూర్చోబెట్టి పొయ్యకూడదు. భుజాన పెట్టి పోస్తా."

అరవై రెండేళ్ళ మనిషి పీపాని భుజానికెత్తాడు. రెండడుగులు వేశాడు. పడ్డాడు. పీపా బావి గట్టు రాయికి తగిలి పలకలు విడిపోయాయి. ఇరవైమూడేళ్ళదీ బాతుల బురదలో కలిసిపోయింది.

హిపోలిత్ గారు పెళ్ళి సూటుతో మోకాళ్ళ మీద కూలబడి, గుప్పెడు బురద తీసి వాసన చూశారు. "లిండెన్ పూలు. అరవై డిగ్రీలకి తక్కువుండదు. ఇలాంటిది నా సర్వీసులో చూడలేదు" అన్నారు, నిజంగానే కళ్ళు తుడుచుకుంటూ.

బోగ్నా తండ్రిని లేవదీయలేదు. "నా జీవితంలో ఒక్కరోజు. ఒక్కరోజు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకోలేవా నాన్నా" అంది. అతను "తప్పైందమ్మా" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. విందు రెండు రోజులు జరిగింది, బజారు వోద్కాతో. బోగ్నా తండ్రితో మళ్ళీ మాట్లాడకుండానే అత్తారింటికి వెళ్ళింది.

సోమవారం గిన్నెలు కడుగుతూ మొదలుపెట్టాను. "జెనొన్, ఆ పీపా..."

"కాలు జారింది" అన్నాడు.

ఆ వారంలో మళ్ళీ అడిగాను. కాలు జారింది. క్రిస్మస్‌కి అడిగాను. కాలు జారింది. ఊళ్ళో ఇప్పటికీ అతన్ని 'ఒలకబోసిన జెనొన్' అంటారు. ఏ పెళ్ళిలోనూ అతని చేతికి సీసా ఇవ్వరు, వేళాకోళానికి. అతనూ వాళ్ళతో పాటు నవ్వుతాడు. నేనొక్క మాట చెబితే ఆ నవ్వు ఆగుతుంది. చెబితే బోగ్నాకి తన ఊపిరి ఎలా నిలిచిందో తెలుస్తుంది, తండ్రిని ఏమన్నదో గుర్తొస్తుంది. ఎటూ పోలేను.

రెండేళ్ళకి మనవరాలు పుట్టింది. జెనొన్ కీళ్ళనొప్పులతోనే మళ్ళీ రై సారా కాచి, కొట్టులో మళ్ళీ గొయ్యి తవ్వాడు. పీపా దింపాక నన్ను కేకేశాడు. కోటు లోపలి నుంచి తెల్ల కొవ్వొత్తి తీసి వెలిగించి నా చేతికిచ్చాడు.

"నువ్వే ముయ్యి."

"నీ తేనెపట్ల మైనం బోలెడుంది కదా?"

"ఇదే గట్టిగా పడుతుంది. చూశాను కదా." గొయ్యి గట్టున కూర్చుని బూట్ల మట్టి దులుపుకున్నాడు. నా వైపు చూడలేదు. "పిల్లకి అవసరమైతే తియ్యి. నన్ను అడక్కు."

నోరు తెరిచాను. అప్పటికే అతను టోపీ పెట్టుకుని, బాతుల్ని అదిలిస్తూ బయటికి వెళ్ళిపోతున్నాడు. కొవ్వొత్తి కారుతూనే ఉంది. సగం బిరడా మీద పడింది, సగం నా వేళ్ళ మీద.