పద్నాలుగు ఫిర్యాదులు

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ నిరుపమ అంటుంది. నేను ఒప్పుకోను. నాకున్నది కోపం కాదు, ఫిర్యాదు చేసే అలవాటు. తణుకులో కాలేజీ హాస్టల్ సాంబారు నీళ్ళలా ఉందని ప్రిన్సిపాల్‌కు రాసిన నాటి నుంచి, వెల్లింగ్టన్‌లో బస్సు నాలుగు నిమిషాలు ముందే వెళ్ళిపోయిందని నగర కౌన్సిల్‌కు రాసిన నాటి దాకా, నేను ఎవరికో ఒకరికి రాయని ఏడాది లేదు. జవాబులు మాత్రం పెద్దగా రాలేదు. రెండువేల ఆరు జూలైలో మా ఇంటి సామాను మొత్తం మాయమైనప్పుడు నాకు లోలోపల కాస్త హుషారు పుట్టిందంటే అందుకే.

ఆక్లాండ్‌లో కొత్త ఉద్యోగం వచ్చి ఫ్లాట్ బుష్ అనే పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. నిరుపమ వెల్లింగ్టన్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది, ఆగస్టు మధ్య వరకూ కదలడానికి లేదు. పాత ఇల్లు ఖాళీ చేసేశాం కనుక స్నేహితురాలి ఫ్లాట్‌లో ఒక చిన్న గదిలో సర్దుకుంది. ఆరు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చిన వాళ్ళమ్మ మంగతాయారు గారికి ఆ గదిలో చోటు లేదు. అల్లుడికి వండిపెడుతుందని ఆవిణ్ణి నాతో పంపేసింది. సామానంతా ఒక మూవింగ్ కంపెనీకి అప్పజెప్పి, మేమిద్దరం రెండు సూట్‌కేసులతో, ఒక రైస్ కుక్కర్‌తో ముందుగా వచ్చి ఖాళీ ఇంట్లో దిగాం.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడది అమలాపురం వైపు పాత పద్ధతి. అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. పెళ్ళయి పదకొండేళ్ళయినా నాతో నేరుగా అన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేను హాల్లోకి వస్తే ఆవిడ వంటింట్లోకి వెళ్తుంది, నేను వంటింట్లోకి వెళ్తే తలుపు చాటుకు తప్పుకుంటుంది. మా ఇద్దరికీ మధ్య ఎప్పుడూ నిరుపమ ఉండేది కనుక నాకూ అది సుఖంగానే ఉండేది. ఇప్పుడు నిరుపమ ఆరువందల కిలోమీటర్ల అవతల ఉంది. ఫ్లాట్ బుష్‌లో కందిపప్పు అయిపోతే ఆ కబురు ఫోన్లో వెల్లింగ్టన్ వెళ్ళి, అక్కణ్ణుంచి మా ఆఫీసుకు వచ్చేది. సాయంత్రం నేను పప్పు పొట్లం వంటింటి గట్టు మీద పెట్టి దగ్గి బయటికి వచ్చేసేవాణ్ణి.

సామాను బుధవారం వస్తుందన్నారు. ఉద్యోగంలో చేరిన వారానికే సెలవు పెట్టి, పొద్దున్న ఎనిమిదింటి నుంచి కిటికీ దగ్గర నిలబడ్డాను. కూర్చుందామంటే కుర్చీ లేదు. మధ్యాహ్నం మూడయింది, లారీ లేదు. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి కంప్యూటర్ చూసి, మీ సామాను నిన్ననే ఇంట్లో దింపేశారు, సంతకం కూడా ఉంది అని చెప్పింది. నేను గది నాలుగు గోడలూ చూసుకున్నాను. సంతకం ఎవరిదని అడిగితే, అది కాగితం మీద ఉంటుందిట, కంప్యూటర్లో టిక్కు మాత్రమే ఉంటుందిట. నో వర్రీస్, కనుక్కుంటానంది. వర్రీస్ అన్నీ నా దగ్గరే ఉన్నాయమ్మా, నీకు ఎలా ఉంటాయి అన్నాను.

మంగళవారం నేను ఆఫీసులో ఉన్నాను. ఇంట్లో ఉన్నది అత్తగారొక్కరే. ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఎవరో వచ్చి సంతకం పెట్టమంటే పెట్టే మనిషి కాదు, పైగా సామాను కళ్ళెదురుగా లేదు. కాబట్టి డ్రైవర్ దొంగ సంతకం పెట్టి సామాను కాజేశాడు. ఐదు నిమిషాల్లో ఈ నిర్ణయానికి వచ్చేశాను. ఫోన్లో నిరుపమకు కూడా ఇదే చెప్పాను. తను వాళ్ళమ్మను అడిగిందిట. "అల్లుడుగారు చూసుకుంటున్నారులే" అందిట ఆవిడ. ఆవిడకు నా మీద అంత నమ్మకం ఉండడం నాకు నచ్చింది.

ఆ రాత్రే మొదటి ఫిర్యాదు రాశాను, రెండు పేజీలు, చాలా మర్యాదగా. నాలుగోది మేనేజరుకు. ఏడో దాంట్లో నేరం అనే మాట వాడాను. తొమ్మిదో దాంట్లో ఇక్కడి జూలై చలిలో అరువు పరుపు మీద పడుకుని నా నడుము ఏమవుతోందో ఒక పేరా అంతా వర్ణించాను. ప్రతిదానికీ మీ అభిప్రాయం తెలిపినందుకు కృతజ్ఞతలు అని జవాబు వచ్చింది. మధ్యమధ్య ఫోన్లో అరిచేవాణ్ణి. మా ఖాళీ హాల్లో నా గొంతు గోడలకు తగిలి నాకే రెట్టింపుగా వినబడేది, దాంతో ఇంకా ఊపు వచ్చేది. అత్తగారు సూట్‌కేసు మీద కంచం పెట్టి వెళ్ళిపోయేది. నేను తింటూ తర్వాతి ఫిర్యాదు ఆలోచించేవాణ్ణి.

ఆ పరుపు ఇచ్చింది వీరరాఘవయ్య గారు. ఆక్లాండ్‌లోనే మనవాళ్ళు ఎక్కువగా చేరే శాండ్రింగ్‌హామ్‌లో ఆయనకు కిరాణా కొట్టు ఉంది. శనివారం కరివేపాకు కోసం వెళ్ళి నా గోడు మొదలుపెట్టాను. నేను సగంలో ఉండగానే చుట్టూ జనం పోగయ్యారు. లక్ష్మణరావు గారికి క్రైస్ట్‌చర్చ్ నుంచి మంచం వచ్చిందిట, తలవైపు ఆయనదే, కాళ్ళు ఇంకెవరివో. భాగ్యమ్మ గారి గ్రైండరు డ్రమ్ము ఇంట్లోకి వచ్చింది కానీ రుబ్బురాయి రాలేదు. తోటలో పెట్టుకునే రాయి అనుకుని కంపెనీ వాళ్ళు దాన్ని కంచె పక్కన పూల మధ్య అలంకరించి వెళ్ళారు. ఆవిడ నెల రోజులు దానికి నీళ్ళు పోసి మరీ గుర్తుపట్టింది. ఇంకొకరికి కుక్కే లేదు, కుక్క ఇల్లు వచ్చింది.

వీరరాఘవయ్య గారు కౌంటరు మీద ఒక నోట్‌బుక్ పెట్టారు. ఆదివారం సాయంత్రానికి అందులో ఇరవై మూడు ఫిర్యాదులు చేరాయి. మా అందరి తరఫునా మీరే మాట్లాడాలి మధుసూదనరావు గారూ అన్నారు ఆయన, స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టి. నా జీవితంలో నా ఫిర్యాదు వినడానికి ఒకరు స్టూలు వెయ్యడం అదే మొదటిసారి. నా ఛాతీ పొంగిన మాట నిజం, దాచుకోను.

పద్నాలుగో ఫిర్యాదుకు పని జరిగింది. బుధవారం సాయంత్రం షారన్ అనే మేనేజరు స్వయంగా ఫోన్ చేసింది. ఆ డ్రైవర్ మంగళవారం సాయంత్రమే వేరే లోడుతో సముద్రం దాటి సౌత్ ఐలండ్ వెళ్ళాడుట, ఇప్పుడే తిరిగి వచ్చాడు. రేపు పదింటికి పాపకూరలో ఉన్న కంపెనీ యార్డులో విచారణ. మీరు వచ్చి ఆ సంతకం మీ ఇంట్లో వాళ్ళది కాదని చెబితే చాలు, అతని ఉద్యోగం తీసేసి పోలీసులకు అప్పగిస్తాం అంది. తప్పకుండా వస్తానన్నాను. ఆ రాత్రి చొక్కా ఇస్త్రీ చేద్దామని చూస్తే ఇస్త్రీ పెట్టె కూడా లారీలోనే ఉందని గుర్తొచ్చి ఇంకా మండింది.

గురువారం ఇరవై మూడు ఫిర్యాదుల ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళాను. యార్డు ఆఫీసు గదిలో షారన్ ఉంది. ఆవిడ ఎదురుగా డ్రైవర్ ట్రెవర్. దొంగ అంటే నేను ఇంకోలా ఊహించుకున్నాను. ఇతనికి అరవై దగ్గర ఉంటాయి, అంత చలిలో నిక్కరు వేసుకుని మోకాళ్ళ దాకా ఊలు మేజోళ్ళు తొడుక్కున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా లారీ నడుపుతున్నాడుట.

అతను చెప్పింది ఇది. దారి ఖాళీగా ఉండడంతో ఒక రోజు ముందే ఆక్లాండ్ చేరి, మంగళవారం మా ఇంటికి వచ్చాడు. ఒక పెద్దావిడ తలుపు తీసింది. లారీ చూసింది, ఆకాశం వైపు చూపించింది, చెయ్యి అడ్డంగా ఊపింది. ఒక్క డబ్బా కూడా దింపనివ్వలేదు. అతని పెన్ను, కాగితం తీసుకుని ఏదో రాసి ఇచ్చి, చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టి పంపేసింది. రేపు రమ్మంటోందని అతనికి అర్థమైంది. సామాను కంటైనర్‌తో సహా ఈ యార్డులోనే దింపి, పక్కవాడికి చెప్పి సౌత్ ఐలండ్ వెళ్ళాడు. పక్కవాడు మరిచిపోయాడు. సంతకం గీత మీద సిరా కనబడింది కనుక ఆఫీసు వాళ్ళు టిక్కు పెట్టేశారు. సామాను ఇప్పటికీ ఇక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

షారన్ నమ్మలేదు. నిజం చెప్పాలంటే ఆవిడ స్థానంలో ఉంటే నేనూ నమ్మను. సొంత సామాను వాకిట్లోకి వస్తే వెనక్కి పంపే మనిషి ఎక్కడైనా ఉంటుందా, ఇరవై ఏళ్ళలో నేను చూడలేదు అంది. దొంగ సంతకం చేసి సామాను దాచి, పట్టుబడేసరికి కథ చెబుతున్నాడని ఆవిడ లెక్క. కాగితం నా ముందుకు జరిపి, ఇది మీ ఇంట్లో ఎవరి సంతకమైనా అవునా అని అడిగింది.

గీత మీద మొదలై, గీత దాటి, కింద షరతులు అచ్చువేసిన చోటంతా గుండ్రటి అక్షరాలు పరుచుకుని ఉన్నాయి. "ఇవాళ మంగళవారం, ఆషాఢ అమావాస్య. రేపు శ్రావణం వస్తుంది. పన్నెండు దాటితే రాహుకాలం, ఆ లోపల తీసుకురండి. ఇట్లు, మంగతాయారు."

రెండుసార్లు చదివాను. ఆ గదిలో దాన్ని చదవగలిగింది నేనొక్కణ్ణే. కాదు అని ఒక్క మాట అంటే చాలు. పద్నాలుగు ఫిర్యాదులూ గెలుస్తాయి, శాండ్రింగ్‌హామ్‌లో స్టూలు నాకే ఉంటుంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అవునంటే తొమ్మిది రోజులుగా ఊరంతా దండోరా వేసిన వెధవను నేనే అవుతాను. ఇంతకాలం రాసి రాసి ఒక్కసారి గెలుపు దాకా వచ్చానే అని ఎంత బాధ వేసిందో చెప్పలేను. ఆ బాధలో ఒక నిమిషం పాటు కాదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

ట్రెవర్ నా వైపు చూడటం లేదు, మేజోళ్ళు చూసుకుంటున్నాడు. ఆవిడ మంచి మనిషి, ఆవిడను ఇందులోకి లాగకండి అన్నాడు షారన్‌తో, మెల్లగా. తన ఉద్యోగం పోతుంటే మా అత్తగారి కోసం మాట్లాడుతున్నాడు. నాకు సిగ్గేసింది.

"ఇది మా అత్తగారు రాసింది. అతను చెప్పిందంతా నిజం," అన్నాను.

తర్వాత ఆ కాగితం ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. నా ఫిర్యాదులన్నీ కలిపినా అంత కష్టపడలేదు. అయితే ఆ రోజు చంద్రుడు లేడు కనుక సోఫా ఇంట్లోకి రాకూడదా అని షారన్ అడిగింది. అవునన్నాను. మరి మంగళవారం సంగతేమిటంది. అది వేరే సంగతన్నాను. ట్రెవర్ తొడ మీద చరుచుకుని, ఆకాశం చూపించిందని చెప్పానా లేదా అన్నాడు. షారన్ అతనికి క్షమాపణ చెప్పి, రేపటి నుంచి పనిలోకి రమ్మంది. నేనూ చెప్పాను. ఆవిడ నా చంకలో ఫైలు చూసి అదేమిటని అడిగింది. మిగతా ఇరవై ముగ్గురి ఫిర్యాదులన్నాను. వీళ్ళ అత్తగార్లను అడిగి చూశారా అంది. అవి నిజంగా నిజమైన ఫిర్యాదులే. ఫైలు బల్ల మీద పెట్టి లేచాను.

దారి పొడుగునా అత్తగారి మీద ఒక ఫిర్యాదు తయారు చేసుకుంటూ డ్రైవ్ చేశాను. వినిపించడానికి నిరుపమ లేదు. ఇంటికి వచ్చి నేరుగా వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆవిడ తలుపు చాటుకు తప్పుకుంది.

"అత్తయ్యగారూ, లారీ వచ్చి వెళ్ళిందని నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ," అన్నాను తలుపుతో.

ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఇవతలికి వచ్చి, నా ఎదురుగా నిలబడింది.

"మీకు తెలుసనే అనుకున్నాను బాబూ. రేపు రమ్మంటే రాలేదని వాడి మీదే కేకలేస్తున్నారనుకున్నాను. తొమ్మిది రోజులు ఆ ఫోనుతో ఇంగ్లీషులో ఎన్ని మాటలాడారు. ఇంట్లో ఉన్నదాన్ని, ఎవరైనా వచ్చారా అని ఒక్కసారి నన్ను తెలుగులో అడిగారా?"

తలుపు తెరుచుకుని ఉండడంతో వెనకున్న చిన్న గది కనబడింది. ఆవిడ పడుకునే గది. ఇన్నాళ్ళలో నేను అటు తొంగిచూడలేదు. నేల మీద నాలుగు చీరలు మడతపెట్టి పరిచి ఉన్నాయి. తలగడ స్థానంలో తువ్వాలు చుట్టి పెట్టుకుంది. వీరరాఘవయ్య గారిచ్చిన పరుపు ఒక్కటేనని, దాని మీద నేను పడుకున్నానని, పడుకుని నా నడుము గురించి పేరా రాశానని అప్పుడు తట్టింది. తయారు చేసుకున్న ఫిర్యాదు ఎటు పోయిందో తెలియదు.

రేపు సామాను తెస్తామన్నారు, ఎన్నింటికి రమ్మనమంటారు అని మాత్రం అడగగలిగాను. ఆవిడ కిటికీ గూట్లో ఉన్న పంచాంగం తీసి, వేలు పెట్టి చూసింది.

"శుక్రవారం, పదిన్నరకు రాహుకాలం. ఆలోపే రమ్మనండి," అంది. నేను వెనక్కి తిరుగుతుంటే మళ్ళీ పిలిచింది. "ముందు నా పరుపు దింపమనండి బాబూ. నడుం పట్టేసింది."